కుంకుడుకాయలు ఎవరు కొట్టాలి?

మన స్నానాల గదుల్లో అరలు చూడండి. తలకు ఒక సీసా, తల రుద్దుకున్నాక ఇంకో సీసా, ముఖానికి ఒక గొట్టం, ఒంటికి ఒక బిళ్ళ, పసిపిల్లకు వేరే బిళ్ళ, చేతులకు నొక్కుడు డబ్బా. గది బయటికొస్తే గచ్చుకు పచ్చది, అద్దాలకు నీలంది, గిన్నెలకు పసుపుది, మరుగుదొడ్డికి మెడ వంచిన సీసా. నెల సరుకుల చీటీలో సగం ఇవే. వీటిలో ఏముందో చెప్పమని ఇంట్లో ఎవరినైనా అడగండి. ఇద్దరు ఇంజినీర్లు, ఒక ఫార్మసీ పట్టా ఉన్న ఇల్లయినా సరే, నీళ్ళు నమలడం తప్ప జవాబు రాదు. రోజూ ఒంటికి పట్టించేది, పసివాళ్ళు పాకే గచ్చు మీద పోసేది ఏమిటో తెలియకుండా బతకడం మనకు మామూలైపోయింది. నాకు కోపం ఆ మామూలు మీదే.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇంటి శుభ్రతకూ ఒంటి శుభ్రతకూ కావలసిన వాటిలో చాలా భాగం ఇంట్లో చేసుకోవచ్చు, చేసుకోవాలి. ఏం కలుపుతున్నామో, అది ఎలా పనిచేస్తుందో తెలుసుకుని చేసుకోవాలి. ఇంటిల్లిపాదీ చేయాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ పని నాకొద్దు. అమ్మ ఒక్కతే తెల్లారగట్ట లేచి రోకలి పట్టే సంప్రదాయం నాకొద్దు. వాట్సాప్‌లో వచ్చిన చిట్కా చూసి మూడు నెలల పిల్ల ఒంటికి నిమ్మరసం పూసే అమాయకత్వమూ వద్దు.

1888లో కలకత్తా రేవులో సన్‌లైట్ సబ్బు పెట్టెలు దిగాయి. ఇంగ్లండులో లీవర్ బ్రదర్స్ తయారీ అని వాటి మీద అచ్చు వేసి ఉంది. అంతకు ముందు మనవాళ్ళు మురికి ఓడుతూ తిరగలేదు. చాకిరేవులో చవుడు మన్ను కలిపి, ఉబ్బ వేసి, బండ మీద ఉతికిన బట్టలు మల్లెపూల్లా ఉండేవి. చవుటి నేలల్లో సోడా క్షారం ఉంటుంది, మురికి వదిలించేది అదే. అంట్లకు కట్టెల బూడిద. బూడిదలో ఉండే పొటాషియం కార్బొనేట్ గిన్నెకంటిన జిడ్డుతో కలిస్తే అక్కడికక్కడే కాస్త సబ్బు పుడుతుంది. ఇత్తడి బిందెకు చింతపండు, ఉప్పు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం లోహం మీద పేరుకున్న నల్లటి పొరను కరిగిస్తుంది. తలకు కుంకుడు, ఒంటికి సున్నిపిండి, పళ్ళకు వేపపుల్ల, అది దొరకనిచోట కానుగపుల్ల. ఇదంతా రసాయన శాస్త్రమే. అందుకే, ఇంట్లో చేసినదాంట్లో రసాయనాలుండవని ప్రచారం చేసేవాళ్ళతో నాకు మొదటి పేచీ. కుంకుడు నురగ రసాయనమే. నీళ్ళు కూడా రసాయనమే. మనం అడగాల్సింది ఏ రసాయనం, ఎంత, ఎందుకు, ఎవరి లాభానికి అని.

ఆ పాత శుభ్రతకు ఎవరు మూల్యం చెల్లించారో కూడా దాచకుండా చెప్పుకుందాం. బూడిద క్షారానికి ఆడవాళ్ళ అరచేతులు చీలి నెత్తురు చిమ్మేవి. ఉబ్బ ఆవిరి ముందు, నడుంలోతు రేవు నీళ్ళలో, ఒక కులం కులమే తరతరాలు నిలబడింది. తెలంగాణ పల్లెల్లో ఆ చాకిరీకి కూలి కూడా లేదు, వెట్టి. కాబట్టి సబ్బుబిళ్ళ, సబ్బుపొడి వచ్చినప్పుడు వాటిని అందుకున్న చేతులను నేను తప్పు పట్టను. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి పెరట్లో బట్టల పొడి కలిపి, సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి అమ్మాడు. ఆ నిర్మా పాకెట్ మన పల్లెల దాకా వచ్చి ఎందరో ఆడవాళ్ళ భుజాలకు ఊపిరి పోసింది. దేశమంతా వాడిన బట్టల పొడి పెరట్లో పుట్టిందని గుర్తుంచుకోవాలి. చేసుకోవడం మన చేతకాదని కంపెనీలు నమ్మబలుకుతుంటే ఆ పెరడు గుర్తుకు రావాలి.

ఆ తరవాతి అడుగు నాకు మింగుడుపడదు. కడలూరు చిన్నికృష్ణన్ షాంపూను చిన్న పొట్లాల్లో పోసి అమ్మే దారి చూపించారు. ఆయన కొడుకు రంగనాథన్ 1983లో మొదలుపెట్టిన కంపెనీ చిక్ షాంపూను పల్లె పల్లెకూ చేర్చింది. కిరాణా కొట్టు గుమ్మానికి తోరణాల్లా వేలాడిన ఆ పొట్లాలతో కూలికి వెళ్ళే అమ్మాయికీ రూపాయికి తలస్నానం దొరికింది. అది చిన్న విషయం కాదు. అయితే దానితోపాటు పెరట్లో కుంకుడు చెట్టు కట్టెలకు పోయింది. కాయ కొట్టడం, నానేయడం, పిసకడం ఒకే తరంలో చేతులు మరిచిపోయాయి. పొట్లం మాత్రం మిగిలింది. రెండు మూడు పొరల ప్లాస్టిక్, పాత సామాన్లవాడు కూడా ముట్టడు. ఏ ఊరి పంటకాలువ గట్టున నడిచినా కాళ్ళకింద అవే.

ఇప్పటి సరుకు సంగతికొద్దాం. మీ ఇంట్లో సబ్బు అట్టపెట్టె వెనక్కి తిప్పి చూడండి. భారతీయ ప్రమాణాల ప్రకారం టాయిలెట్ సోపు మొదటి రకంలో కొవ్వు పదార్థం కనీసం 76 శాతం, రెండో రకంలో 70, మూడో రకంలో 60 ఉండాలి. పెట్టె మీద టీఎఫ్‌ఎం అని వేసేది ఆ లెక్కే. చాలా పెట్టెల మీద 'సోపు' అన్న మాటే కనిపించదు, 'బాతింగ్ బార్' అని ఉంటుంది. ఆ పేరు పెట్టుకుంటే 40 శాతం ఉన్నా చాలు. ముందువైపు కలువపువ్వో, పాలధారో, గంధపు చెక్కో ముద్రిస్తారు. ఇక 'పర్ఫ్యూమ్' అని ఒక్క మాట రాస్తారు. దాని వెనక పదుల కొద్దీ పదార్థాలున్నా విడివిడిగా చెప్పనక్కర్లేదు. కుంకుడు, శీకాయ బొమ్మలున్న చాలా సీసాల వెనక చదవండి: మొదట నీళ్ళు, తరవాత సోడియం లారెత్ సల్ఫేట్, కాయల సారం ఎక్కడో తోక చివర. ఆ సల్ఫేట్ విషమని నేననను. జిడ్డు బాగానే వదిలిస్తుంది. కానీ కాయ బొమ్మ చూపించి దాన్ని అమ్మడం మోసం. మన అమ్మమ్మల తెలివిని బొమ్మగా ముద్రించి, మనకే ధర కట్టి అమ్ముతున్నారు.

క్రిముల పేరుతో భయపెట్టడం ఇంకో దందా. 2016 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ట్రైక్లోసాన్ సహా 19 పదార్థాలను క్రిమిసంహారక సబ్బుల్లో వాడొద్దంది. మామూలు సబ్బు, నీళ్ళ కంటే అవి మెరుగని తయారీదార్లు రుజువు చేయలేకపోయారు. ఏళ్ళ తరబడి ప్రకటనల్లో పిల్లవాడి అరచేతిలో కదిలే పురుగులను చూపించి అమ్మినదానికి రుజువే లేదన్నమాట. రంగు దందా మరీ నీచం. 2020లో తెల్లబరిచే క్రీము పేరులోంచి 'ఫెయిర్' తీసేసినంత మాత్రాన అన్నేళ్ళు మన ఆడపిల్లల చామనఛాయను అవమానించిన పాపం పోదు. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో తెల్లబరిచే క్రీములు పూసుకున్నవాళ్ళకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయని వైద్యులు గుర్తించారు. కారణం ఆ క్రీముల్లోని పాదరసం.

వీటన్నిటికంటే నా రక్తం మరిగించేది యాసిడ్. "యాసిడ్, ఫినాయిల్" అని కేకేస్తూ సైకిల్ మీదో ఆటోలోనో వచ్చి, వాడేసిన నీళ్ళ సీసాల్లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం నింపి ఇచ్చి పోతారు. యాసిడ్ దాడికి గురైన ఒక యువతి వేసిన కేసులో 2013 జులైలో సుప్రీంకోర్టు స్పష్టంగా ఆదేశించింది: కొన్నవాళ్ళ పేరు, చిరునామా, ఎంత కొన్నదీ పుస్తకంలో రాయకుండా అమ్మకూడదు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూడాలి, 18 ఏళ్ళు నిండనివాళ్ళకు అసలు ఇవ్వకూడదు. మీ వీధిలో ఎవరు ఏ పుస్తకంలో రాసుకున్నారు? మూతకు ఏ ముద్రా లేని ఆ సీసాను ఎండాకాలం పిల్లవాడు మంచినీళ్ళనుకుని ఎత్తితే? (అలా జరిగితే వాంతి చేయించవద్దు, గొంతు రెండోసారి కాలుతుంది. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.) మరుగుదొడ్డి ఇంకా తెల్లబడాలని ఆ యాసిడ్ మీదే బ్లీచింగ్ పొడి చల్లే ఇళ్ళున్నాయి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో ఈప్ర్ దగ్గర యుద్ధభూమిలో సైనికుల మీదికి వదిలింది దాన్నే. కిటికీ కూడా సరిగా తెరుచుకోని మూడడుగుల గదిలో, ఊపిరాడక దగ్గుతూ బయటికొచ్చే పనమ్మాయి ఊపిరితిత్తులకు ఎవరు పూచీ? ఆమెకు మాస్కు లేదు, చేతికి తొడుగు లేదు, ఆ రెండూ కలపకూడదని చెప్పిన మనిషీ లేడు.

మరుగుదొడ్డికి యాసిడ్ అవసరమే లేదు. ఆ పసుపు చారలు మన బోరునీళ్ళలోని సున్నం పేరుకోవడం వల్ల వచ్చేవి. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు చెంబుడు వేడినీళ్ళలో కరిగించి, రాత్రి పోసి వదిలేసి, పొద్దున బ్రష్‌తో రుద్దితే చాలు. మొండి మరకైతే నాలుగు రాత్రులు వరసగా పోయాలి. పంపుల మీది తెల్లటి పొరకూ అదే మందు. ఒక్క జాగ్రత్త: నేల మీద పడనీయొద్దు. తాండూరు నాపరాళ్ళు, బేతంచర్ల బండలు, పాలరాయి అన్నీ సున్నపురాయి జాతివి. ఏ పులుపు తగిలినా మెరుపు చచ్చిపోతుంది. గచ్చు తుడవడానికి నిమ్మకాయలూ వెనిగరూ వాడమని సలహా ఇచ్చేవాళ్ళు మన ఇళ్ళలో పరిచిన రాయి ఏమిటో కూడా చూడరు.

ఇక కుంకుడు. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, మనం పోగొట్టుకున్నవాటిలో పెద్దది ఇదే కాబట్టి. నురగ ఇచ్చేది గింజ కాదు, దాని చుట్టూ ఉన్న జిగురు కండ. అందులోని సపోనిన్లు ఒక కొసన నీటిని, ఇంకో కొసన నూనెను పట్టుకుంటాయి. సబ్బు చేసే పనీ అదే. కానీ బోరునీళ్ళలో సబ్బు ఓడిపోతుంది. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని తెల్లటి తెట్టుగా మార్చేస్తాయి. సగం బిళ్ళ ఆ తెట్టుకే పోతుంది, జుట్టు చీపురులా బిరుసెక్కుతుంది. సపోనిన్లకు ఆ బాధ లేదు. అనంతపురంలోనో నల్లగొండలోనో ఉప్పటి బోరునీళ్ళలో కూడా కుంకుడు రసం తెట్టు కట్టకుండా నురుగుతుంది. ఏ నేలలో, ఏ నీళ్ళతో బతుకుతున్నామో ఆ నీళ్ళకు సరిపోయే కాయ మన అడవుల్లోనే ఉంది. దాన్ని వదిలేసి, సబ్బు పాడుచేసిన జుట్టును బాగు చేసుకోవడానికి ఇంకో సీసా కొంటున్నాం.

ఒక పొడుగు జడకు పది పన్నెండు కాయలు. కొట్టి గింజ తీసేసి, వేడినీళ్ళలో రాత్రంతా నానేసి, పొద్దున పిసికి పలచటి బట్టలో వడగట్టాలి. వడగట్టకపోతే పొట్టు జుట్టులో చిక్కి విసుగు పుట్టిస్తుంది, చాలామంది కుంకుడు మానేసింది ఆ విసుగుతోనే. ఒక పొంగు మరిగిస్తే రసం చిక్కనవుతుంది. మందార ఆకు నాలుగు నలిపి కలిపితే జారుడు వచ్చి చిక్కు తేలిగ్గా విడుతుంది. నిలవ మందులు కలపలేదు కాబట్టి రెండు మూడు రోజుల్లో పులుస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే వారం ఆగుతుంది. పిప్పి పారేయొద్దు, ఇత్తడి కుందులు దానితో రుద్దండి. రసం మిగిలితే బంగారు గొలుసు అందులో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో తోమండి, పట్టుచీర అందులో జాడించండి. పట్టుకు ఘాటైన క్షారం పడదు, బట్టల పొడి దాన్ని తినేస్తుంది.

కళ్ళు మండుతాయి. నిజమే, బాగా మండుతాయి. మన తరం పిల్లలు కుంకుడు పేరెత్తితే పారిపోయింది అందుకే. నోట్లో ఉప్పుకల్లు వేసుకుంటే మంట తగ్గుతుందని పెద్దవాళ్ళు నమ్మించారు, అది మంటను తగ్గించదు. చల్లటి మంచినీళ్ళతో కళ్ళు కడగడమే దారి. పిల్లవాడిని ముందుకు వంచి నెత్తిన పోసే పద్ధతి మానేయండి. వెల్లకిలా పడుకోబెట్టి తల పీట అంచుకు ఆనించి రుద్దితే ఒక్క చుక్క కూడా కంట్లోకి రాదు. చెరువులో మాత్రం ఆ నీళ్ళు పోయొద్దు. సపోనిన్లు చేపలకు విషం, చాలా దేశాల్లో చేపలను మత్తెక్కించి పట్టడానికి ఇలాంటి కాయలే వాడారు. మట్టిలో పోస్తే త్వరగా విడిపోతాయి, అరటిపాదులోకి వదలండి.

ఈ కాయ ఎక్కడిది? పాడేరు, చింతపల్లి, రంపచోడవరం కొండల్లో గిరిజన స్త్రీలు ఏరి, ఎండబెట్టి, తట్టల్లో మోసుకుంటూ సంతకు తెస్తారు. వాళ్ళ దగ్గర కొనడానికి 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టారు. కుంకుడు, శీకాయ, చింతపండు, కొండచీపుర్లు ఆ సంస్థ కొంటుంది, తన దుకాణాల్లో అమ్ముతుంది. పట్నంలో ఎంతమంది ఆ దుకాణం మెట్లెక్కారు? షాంపూ ప్రకటనలో నటికిచ్చే డబ్బు కూడా మన సీసా ధరలోంచే పోతుంది. ఆ డబ్బులో కాస్తయినా కాయ ఏరిన మనిషికి చేరే దారి ఒకటి ఉండగా దాన్ని మూసేస్తున్నది మన బద్ధకమే. నాకు ఇది స్నానాల గది విషయంలా అనిపించదు. అడవిలో కుంకుడు చెట్టు నిలబడాలా, నరకబడాలా అన్నది కాయకు గిరాకీ ఉందా లేదా అన్నదాన్నిబట్టి ఉంటుంది.

సున్నిపిండి గురించి రెండు మాటలు. అరకిలో పెసలు, పావుకిలో శనగపప్పు, గుప్పెడు బియ్యం, కస్తూరి పసుపు, వట్టివేళ్ళు, కచ్చూరాలు, ఎండిన గులాబీ రేకులు. ఎండబెట్టి మర పట్టించి జల్లించుకుంటే నెలకు సరిపోతుంది. వానాకాలం ఇంకా తక్కువ చేసుకోండి, పురుగు పడుతుంది. పాతకాలపు జాబితాల్లో బావంచాలు కూడా ఉంటాయి. నేను వేయను, మీరూ వేయొద్దు. వాటిలో సోరాలెన్ ఉంటుంది, అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి బొబ్బలెక్కవచ్చు. నిమ్మరసం పూసుకుని ఎండలో తిరిగినా అదే గతి. పసుపు పొడి బజారులో కొనొద్దు. రంగు నిగనిగలాడాలని లెడ్ క్రోమేట్ కలిపే దుర్మార్గాన్ని 2019లో బంగ్లాదేశ్‌లో పరిశోధకులు బయటపెట్టారు, మన దేశంలోనూ కొన్ని పట్టణాల్లో అది దొరికింది. నిజామాబాద్, దుగ్గిరాల లాంటి పసుపు మార్కెట్లున్న నేల మనది. కొమ్ములు కొని దంచుకోలేమా?

పసిబిడ్డల విషయంలో నాకు మొహమాటం లేదు. వెంట్రుకలు రాలాలని పిండితో కందిపోయేలా రుద్దడం, ముక్కులోకీ చెవుల్లోకీ నూనె పోయడం, కళ్ళకు కాటుక దిద్దడం, సాంబ్రాణి పొగలో ముంచడం వెంటనే ఆపాలి. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. ఆముదం దీపం మసితో ఇంట్లో చేసిన కాటుకైనా కంటి లోపల పెట్టకూడదు. అమ్మమ్మ చేసింది కాబట్టి మంచిదేనని వాదించేవాళ్ళు, కంపెనీ చేసింది కాబట్టి మంచిదేనని నమ్మినవాళ్ళు చేసే తప్పే చేస్తున్నారు.

బేకింగ్ సోడాలో వెనిగర్ పోసి బుసబుస పొంగుతుంటే శుభ్రమైపోతోందని చూపించే వీడియోలు చూసి ఎన్ని ఇళ్ళు మోసపోయాయో! ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకున్నాక మిగిలేది ఇంచుమించు ఉప్పునీళ్ళే. విడివిడిగా వాడితే రెండూ పనికొచ్చేవే. పళ్ళ తొక్కలతో చేసే బయో ఎంజైమ్ మీదా ఊరికే ఊదరగొడుతున్నారు. ఒక వంతు బెల్లం, మూడు వంతుల నారింజ తొక్కలు, పది వంతుల నీళ్ళు, మూడు నెలలు. చివరికి దిగేది పలచటి పులుపు నీళ్ళు. జిడ్డు మరకలకు పర్వాలేదు, చెత్తబుట్టలోకి పోయే తొక్కలు పనికొస్తాయి, అంతవరకు నాకు ఇష్టమే. అది సర్వరోగ నివారిణి అనొద్దు. గాజుసీసాలో గట్టిగా మూతపెట్టొద్దు, మొదటి నెల గాలి తీయకపోతే పేలుతుంది. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఈ పులుపు నీళ్ళ మీద ఆధారపడొద్దు. పలచగా కలిపిన బ్లీచింగ్ నీళ్ళతో మరుగుదొడ్డి కడగండి, సబ్బుతో చేతులు కడగండి. ఇంట్లో చేసుకోవడం బడాయి కోసం కాకూడదు.

శిక్షణ పేరుతో జరిగే మోసం మరొకటి. మహిళా సంఘాలను కూర్చోబెట్టి ఫినాయిల్ తయారీ నేర్పుతామంటారు. తీరా చూస్తే కొట్టులో కొన్న చిక్కటి ద్రవంలో ఇరవై రెట్లు నీళ్ళు పోసి, రంగు కలిపి, సీసాల్లో నింపడమే. సబ్బు తయారీ అంటే కర్మాగారంలో చేసిన సబ్బు దిమ్మెను కరిగించి, గులాబీ రేకు అతికించి, అచ్చులో పోయడం. ఇందులో ఆ అక్కచెల్లెళ్ళు నేర్చుకున్నదేమిటి? అసలు సబ్బు చేయాలంటే కాస్టిక్ సోడా పట్టుకోవాలి. కిలో కొబ్బరినూనెకు సుమారు 183 గ్రాములు, నువ్వులనూనెకు 134 గ్రాములు, చర్మానికి మెత్తగా ఉండాలంటే ఆ కొలత కనీసం నూటికి ఐదు తగ్గించాలి. సోడాను నీళ్ళలో వేయాలి గాని సోడా మీద నీళ్ళు పోయకూడదు. కళ్ళద్దాలు, చేతితొడుగులు, పిల్లలు లేని గది, ఆరేవరకు నాలుగు నుంచి ఆరు వారాల ఓపిక. ఇది నేర్పితే కోనసీమలో, కొబ్బరి మార్కెట్ ఉన్న అంబాజీపేట చుట్టుపక్కల, సంఘాలు సొంత కాళ్ళ మీద నిలబడతాయి. అమ్మాలంటే 2020 సౌందర్య సాధనాల నిబంధనల కింద లైసెన్సు కావాలి. ఆ కాగితాల పని సంఘాల తరపున చేసిపెట్టే అధికారి ప్రతి జిల్లాలో ఉండాలని ఎందుకు అడగం? ఇంట్లో వాడుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇప్పుడు నా అసలు కోపానికి వస్తాను. పండగ సంచికల్లో, పెళ్ళి విందుల్లో మగవాళ్ళు అమ్మ చేతి కుంకుడు రసం గురించి కళ్ళు తడిచేసుకుంటారు. ఆ అమ్మ ఎన్నింటికి లేచిందో రాయరు. భోగినాడు ఆరుగురు పిల్లల తలలు రుద్ది, ఆఖరున చల్లారిపోయిన నీళ్ళతో తన తల రుద్దుకున్న మనిషి ఆమె. ఆవిడ కోడలు ఇవాళ ఆఫీసు నుంచి ఎనిమిదింటికి ఇల్లు చేరి, షాంపూ సీసా కొంటే, సంప్రదాయం పోయిందని నిట్టూర్చే అర్హత మీకు ఎక్కడిది? కుంకుడుకాయ కొట్టడానికి ఆడపుట్టుక అక్కర్లేదు. రాయి ఉంది, చెయ్యి ఉంది, ఆదివారం పొద్దున గంట ఉంది. పేపరు తిరగేసే ఆ గంటలో వారానికి సరిపడా కాయలు కొట్టి నానేయవచ్చు. సున్నిపిండి మర పట్టించి తేవడం కొడుకు పని కావచ్చు. నిమ్మ ఉప్పు నీళ్ళతో మరుగుదొడ్డి రుద్దడం నాన్న పని కావచ్చు. ఇవి ఆడవాళ్ళ మీదికే నెట్టేటట్లయితే, ఇంట్లో తయారీ ఉద్యమాలన్నిటికీ నేను ఎదురు నిలుస్తాను, సీసాలే కొనమని చెబుతాను. ఒక మనిషి నడుం విరగ్గొట్టి తెచ్చే స్వచ్ఛత ఎవరికి కావాలి?

అడగవలసినవి ప్రభుత్వాన్నీ అడుగుదాం. యాసిడ్ అమ్మకాల మీద కోర్టు ఆదేశాన్ని వీధిలో అమలు చేయమందాం. సంక్షేమ హాస్టళ్ళ పిల్లలకు నెలనెలా కాస్మెటిక్ చార్జీలు ఇస్తున్నారు. ఏజెన్సీ గురుకులాల్లో ఆ డబ్బులో కొంతతో గిరిజన సహకార సంస్థ కుంకుడుకాయలు కొని ఇవ్వమందాం. తల్లి కొండ మీద ఏరిన కాయతో బిడ్డ హాస్టల్లో తలస్నానం చేయడం కంటే న్యాయమైన సరఫరా ఏముంటుంది?

పదో తరగతి రసాయన శాస్త్రం పాఠంలో సబ్బు ఎలా పుడుతుందో ఉంది, మార్కుల కోసం బట్టీ పట్టిస్తున్నాం. ఉపాధ్యాయులను ఒకటి కోరుతున్నాను. రెండు గాజు గ్లాసుల్లో ఊరి బోరునీళ్ళు పోయండి. ఒకదాంట్లో సబ్బు తురుము, ఇంకోదాంట్లో వడగట్టిన కుంకుడు రసం వేసి పిల్లలచేత గిలక్కొట్టించండి. ఏ గ్లాసులో తెట్టు కట్టిందో, ఎందుకు కట్టిందో వాళ్ళచేతే చెప్పించండి. కాయలు మగపిల్లలచేత కొట్టించండి. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. రేపు మొదటి పీరియడ్‌లోనే చేయవచ్చు.